గూగుల్ స్కాలర్‌లో పరిశోధన పేపర్లు దొరకట్లేదంటే: వెతికే ఆ పెద్ద వాక్యాన్ని ముందు విడగొట్టండి

‘విశాఖ ఫిషింగ్ హార్బర్ నీటి కాలుష్యం వల్ల చేపల మీద పడే ప్రభావం’ అని ఇంగ్లీషులో మొత్తం వాక్యం కొట్టినా పేపర్లు రావట్లేదన్నారు కదా, చిక్కంతా అక్కడే. ‘వల్ల’, ‘ప్రభావం’ లాంటివి తీసేయండి.

1. మూడు ముక్కలే ఉంచుకోండి: చోటు, కాలుష్యం, జీవి.

2. అందరూ దాటేసేది ఇదే. ఒక్కో ముక్కకీ పరిశోధకులు వాడే పేర్లు కాగితం మీద రాసుకోండి.
కాలుష్యం: హెవీ మెటల్స్, ట్రేస్ మెటల్స్, కాడ్మియం, బయోఅక్యుములేషన్ (జీవి ఒంట్లో విషపదార్థాలు పేరుకోవడం). ఉత్త ‘పొల్యూషన్’ అంటే మరీ వెడల్పు, ఊరూపేరూ లేనివన్నీ వచ్చి పడతాయి.
జీవి: ‘ఫిష్’ కాదు, శాస్త్రీయ నామం. కానాగంతలైతే ‘రాస్ట్రెల్లిగర్ కనగుర్త’. పచ్చ ఆల్చిప్పలైతే ‘పెర్నా విరిడిస్’.
చోటు: విశాఖపట్నం, వైజాగ్ రెండూ.

3. ఒకే అర్థం ఉన్నవాటి మధ్య ‘ఆర్’ (OR, అంటే ‘లేదా’) పెట్టండి, అదీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనే. రెండు మూడు మాటల పదబంధానికి కొటేషన్ గుర్తులు తప్పనిసరి:
విశాఖపట్నం ఆర్ వైజాగ్ “హెవీ మెటల్స్” ఆర్ “ట్రేస్ మెటల్స్” “పెర్నా విరిడిస్”
అంతా ఇంగ్లీషు లిపిలో కొట్టాలి. ఒక పదం మిగతా రూపాలూ రావడానికి దాని చివర పెట్టే నక్షత్రం గుర్తు (*) స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్‌లో పనిచేస్తుంది, స్కాలర్‌లో నమ్ముకోవద్దు.

4. ఇంకా తక్కువ వస్తే చోటు ఒక్కటే మార్చండి: “ఈస్ట్ కోస్ట్ ఆఫ్ ఇండియా”, “బే ఆఫ్ బెంగాల్”. మిగతావి కదపకండి, ఏది అడ్డుపడుతోందో తెలియాలంటే.

5. పనికొచ్చే పేపర్ ఒక్కటి దొరికినా చాలు. అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ మొదట్లో ఉండే సారాంశం) కింద ఉన్న కీవర్డ్స్ మీ కాగితంలో చేర్చి, స్కాలర్‌లో ఆ పేపర్ కింద ‘సైటెడ్ బై’ నొక్కండి, దాన్ని ఉదహరించిన పేపర్లు వస్తాయి. యూనివర్సిటీ థీసిస్‌ల కోసం ఇవే మాటలు శోధ్‌గంగ అనే భారతీయ థీసిస్‌ల సైట్‌లోనూ కొట్టి చూడండి.