శాటో వ్లాగర్ల మీద పుకార్లు: ఏది నమ్మాలి, ఎలా తేల్చుకోవాలి

ప్రశ్న: ఫ్రాన్స్‌లో పాత శాటోలు, అంటే కోటల్లాంటి పెద్ద భవంతులు, కొని బాగుచేసుకుంటూ వీడియోలు పెట్టేవాళ్ళ గురించి వీక్షకులు రకరకాలుగా అనుకుంటుంటారు. "అసలు ఆ శాటో వాళ్ళది కాదు", "ఏళ్ళు గడిచినా కప్పు పూర్తి కాలేదు", "చందాల డబ్బు షికార్లకు పోతోంది", "ఫలానా అమ్మాయి కనబడటం లేదు, గొడవయింది". వీటిలో నిజమెంత?

జవాబు: ఇందులో మొదటి మూడింటిని ఇంట్లో కూర్చునే చాలావరకు తేల్చుకోవచ్చు. నాలుగోది మనం తేల్చాల్సిన విషయం కాదు, దానికీ ఓ మామూలు కారణం ఉండొచ్చు, చివర్లో చెబుతాను.

ముందు యాజమాన్యం. ఫ్రాన్స్‌లో పెద్ద ఇళ్ళను ఎస్‌సీఐ అనే రకం స్థిరాస్తి కంపెనీ పేరు మీద కొనడం మామూలే. ఇద్దరు ముగ్గురు కలిసి డబ్బు పెట్టినప్పుడు వాటాలు స్పష్టంగా ఉంటాయి, రేపు పిల్లలకు పంచడం తేలిక. కాబట్టి కాగితాల్లో వ్లాగరు పేరు బదులు ఏదో కంపెనీ పేరు కనిపించినంత మాత్రాన యజమాని వేరే ఎవరో అనుకోనక్కర్లేదు. కంపెనీల రిజిస్టరులో ఆ పేరు వెతికితే నిర్వాహకులెవరో, ఎప్పుడు పెట్టారో ఉచితంగానే తెలుస్తుంది. ఆదాయ వ్యయాలు మాత్రం కనిపించవు. ఎస్‌సీఐలు సాధారణంగా వార్షిక లెక్కలు అక్కడ దాఖలు చేయనక్కర్లేదు. "లెక్కలు దాచేశారు" అన్న ఆరోపణ ఎక్కువగా ఇక్కడే పుడుతుంది, దానికి బలం లేదు.

కొన్న ధర కూడా దొరుకుతుంది. ఫ్రెంచి ప్రభుత్వం 2019 నుంచి డీవీఎఫ్ పేరుతో స్థిరాస్తి అమ్మకాల వివరాలు అందరికీ తెరిచి పెట్టింది. మ్యాపులో ఆ స్థలం మీద నొక్కితే గత 5 ఏళ్ళలో జరిగిన అమ్మకం, తేదీ, ధర వస్తాయి. అల్సాస్, మొజెల్ ప్రాంతాల వివరాలు ఇందులో ఉండవు. 5 ఏళ్ళ కంటే పాత అమ్మకమైతే అక్కడ కనిపించదు, అంతమాత్రాన అమ్మకమే జరగలేదనుకోకూడదు. ఇంకో పెద్ద పొరపాటు ఉంది. శాటోతో పాటు తోట, అడవి, పశువుల కొట్టం ఒకే దస్తావేజులో చేతులు మారితే డీవీఎఫ్ ఒక్కో ముక్కకు ఒక్కో వరుస వేస్తుంది, ప్రతి వరుసలోనూ మొత్తం ధరనే మళ్ళీ మళ్ళీ చూపిస్తుంది. 4 లక్షల యూరోల కొనుగోలు 5 వరుసల్లో ఉంటే, కూడిక వేసినవాళ్ళు "20 లక్షలు పెట్టి కొని పేదమాటలు చెబుతున్నారు" అంటారు. తేదీ, ధర రెండూ ఒకటే అయితే అది ఒకే అమ్మకం. దీనికి తోడు నోటరీ ఖర్చులు, పన్నులు కలిపి ధర మీద మరో 7 నుంచి 8 శాతం పడతాయి.

"అమ్మకానికి పెట్టేశారు" అనే పుకారు వస్తే ప్రకటనలోని ఫోటోలు చూడండి. పాత ప్రకటనలు ఏళ్ళ తరబడి ఇంటర్నెట్‌లో తిరుగుతూనే ఉంటాయి. ఇప్పుడు వీడియోలో కనిపించే కొత్త కిటికీలు ఆ ఫోటోల్లో లేకపోతే అది మునుపటి యజమాని పెట్టిన ప్రకటన.

ఇక పని సాగకపోవడం. ఎక్కువ మాటలు పడేది దీనికే, అన్యాయంగా పడేదీ దీనికే. చాలామందికి శాటో మరమ్మతు అంటే గుర్తొచ్చేది బ్రిటన్ చానల్ 4లో 2016 నుంచి 2022 దాకా వచ్చిన 'ఎస్కేప్ టు ది శాటో'. డిక్, ఏంజెల్ స్ట్రాబ్రిడ్జ్ దంపతులు 2015లో మయెన్ జిల్లాలోని 45 గదుల మోత్-హ్యుసోన్ శాటోను 2,80,000 పౌండ్లకు కొన్నారు. నెలల పని గంటలోపు ఎపిసోడ్‌లో చూసినవాళ్ళకు, వారంవారం వచ్చే యూట్యూబ్ వీడియో నత్తనడకలా అనిపిస్తుంది.

కప్పు లెక్క ఒకసారి వేసి చూడండి. కప్పు మీద పరిచే 32 × 22 సెంటీమీటర్ల స్లేటు రాతి పలక తీసుకుందాం. 9 సెంటీమీటర్ల అతివ్యాప్తి (పై పలక కింది వరుసల మీదికి వచ్చే భాగం) ఉంచితే బయటికి కనిపించే ఎత్తు 32 లోంచి 9 తీసి సగం చేయాలి, అంటే 11.5 సెంటీమీటర్లు. దాన్ని 22తో గుణిస్తే పలక ఒక్కింటికి 253 చదరపు సెంటీమీటర్లు. చదరపు మీటరుకు దాదాపు 40 పలకలు. 600 చదరపు మీటర్ల కప్పుకు 24,000 పలకలు, కొక్కేలతో బిగిస్తే అన్నే కొక్కేలు. వీటికి పరంజా, కింది బద్దలు, రెండు వాలులు కలిసే చోట సీసం లేదా జింకు రేకు, నీటి తూములు అదనం. కొక్కేలు రాగివో స్టెయిన్‌లెస్ స్టీలువో కాకపోతే పలక బాగానే ఉన్నా కొక్కెం తుప్పుపట్టి పలక జారిపోతుంది. పాత కప్పుల్లో కూడా పలకకంటే ముందు మేకులే చస్తాయి. అప్పుడు అక్కడక్కడ అతుకులు వేసి లాభం లేదు, ఆ వాలంతా విప్పాల్సిందే.

విప్పాక అసలు సంగతి బయటపడుతుంది. దూలం కొనలు గోడలో దిగిన చోట కుళ్ళి ఉంటాయి. కొన్నిచోట్ల మెరూల్ అనే, చెక్కను తినే బూజు కనిపిస్తుంది. చెక్కలో తేమ 20 శాతం దాటి, గాలి ఆడకుండా ఉంటే ఇది పెరుగుతుంది, గోడలోంచి పాకి ఆరిన చెక్క దాకా పోతుంది. కనిపించిన చోటు దాటి దాదాపు మీటరు మేర చెక్కను కోసెయ్యాలి, చుట్టూ గోడకూ చికిత్స చెయ్యాలి. 2014 చట్టం ప్రకారం ఊరి మున్సిపాలిటీకి తెలియజేయడం కూడా తప్పనిసరి. అలాంటి వీడియో తర్వాత రెండు నెలలు కప్పు ఊసే రాకపోతే కొత్త అంచనా కోసం ఆగారని అనుకోవడం న్యాయం.

సున్నం పని మరీ నెమ్మది. రాతి గోడకు సహజ హైడ్రాలిక్ సున్నం (నీటితో గట్టిపడే రకం) ఒక పాలు, ఇసుక రెండున్నర పాళ్ళు కలిపి పొరలు పొరలుగా వేస్తారు. ఉష్ణోగ్రత 5 డిగ్రీల కంటే పడిపోతే వేయకూడదు, పట్టు రాకముందే గడ్డకట్టి పెళ్ళలుగా ఊడుతుంది. అందుకే నవంబరు నుంచి మార్చి దాకా బయటి గోడల పని ఆగిపోతుంది. ఆ నెలల్లో గది అలంకరణ, పాత సామాన్ల సంత వీడియోలే వస్తాయి, "పని మానేసి షాపింగ్ చేస్తున్నారు" అనే మాటా అప్పుడే వస్తుంది. తడిసిన గోడ ఆరడానికి మేస్త్రీలు వేసుకునే అంచనా నెలకు 25 మిల్లీమీటర్లు. 60 సెంటీమీటర్ల గోడ రెండు వైపులా ఆరితే ఏడాది. ఆగలేక సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోయి రాయినే తినేస్తుంది. హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పనిలో పాత సిమెంటు పూతలు తీసేసి మళ్ళీ సున్నం వేసింది ఇందుకే. డంగుసున్నం తెలిసినవాళ్ళకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

అనుమతులు ఇంకో ఆలస్యం. భవనం రక్షిత జాబితాలో ఉందో లేదో ఫ్రెంచి సంస్కృతి శాఖ మెరిమే జాబితాలో వెతికితే తెలుస్తుంది. పై తరగతి, అంటే 'క్లాసే' అయితే కిటికీ మార్చాలన్నా ప్రాంతీయ అధికారుల అనుమతి కావాలి, దస్త్రం పూర్తిగా అందాక 6 నెలల దాకా పట్టొచ్చు. శాటో జాబితాలో లేకపోయినా, 500 మీటర్లలోపు రక్షిత చర్చి ఒకటి ఉంటే బయటి మార్పులకు ప్రభుత్వ వాస్తుశిల్పి మాట అవసరం కావొచ్చు. అనుమతి వచ్చాక దాని బోర్డు గేటు దగ్గర బయటికి కనిపించేలా పెట్టాలి, ఇతరులు అభ్యంతరం చెప్పడానికి రెండు నెలల గడువుంటుంది. "అనుమతి లేకుండా కడుతున్నారు" అనేవాళ్ళు ముందు ఆ బోర్డు చూశారా అని అడగాలి.

కప్పు కాకముందే గదికి రంగులు వేస్తే మోసమా? ఆ గది అద్దెకిస్తేనే కప్పుకు డబ్బొస్తుంది కాబట్టి అది తెలివైన పని కావొచ్చు, పైన నీళ్ళు కారకపోతేనే సుమా. మీరే చూసుకోవచ్చు. సీలింగ్ మూలల్లో గోధుమరంగు వలయాలుంటే కప్పు కారుతోంది. గోడ అడుగున మీటరు ఎత్తు దాకా తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే నేలలోంచి తేమ ఎక్కుతోంది. ఈ రెండూ కనిపిస్తున్న గోడ మీద ప్లాస్టిక్ పెయింటు వేశారంటే అది వీడియో కోసం చేసిన పనే, త్వరలోనే పొక్కిపోతుంది. ఇలాంటి విమర్శ చేయదగ్గది.

డబ్బు విషయంలో వీక్షకులు వేసే లెక్కలు ఎక్కువగా ఆదాయం దగ్గరే ఆగిపోతాయి. ప్రకటనల ఆదాయంలో మామూలు వీడియోలకు 55 శాతం, చానల్ సభ్యత్వాల్లో 70 శాతం వ్లాగరుకు వస్తాయి. వారానికి రెండు వీడియోలు, ఒక్కోదానికి లక్ష వ్యూలు, వెయ్యికి చేతికొచ్చేది 5 యూరోలు అనుకుందాం. నెలకు 4,000 యూరోలు, దానిమీద పన్నులు, సామాజిక భద్రత చెల్లింపులు ఉంటాయి. ఇందాక లెక్కవేసిన 600 చదరపు మీటర్ల కప్పుకు చదరపు మీటరుకు 250 యూరోలే అనుకున్నా మొత్తం 1,50,000. తిండి మానేసి ఒక్క యూరో కూడా వేరేదానికి వాడకపోయినా మూడేళ్ళు దాటుతుంది. జనవరిలో ప్రకటనల రేట్లు పడిపోతాయి కూడా. "సొంతంగా చేసుకుంటే చవకే కదా" అంటారు. కూలి మిగులుతుంది నిజమే, కానీ కంపెనీ సామానుతో సహా చేసిపెడితే పాత ఇంటి మరమ్మతుకు 10 శాతం పన్ను, మీరే సామాను కొంటే 20. పనిలో లోపాలకు కంపెనీ తరఫున ఉండే పదేళ్ళ బాధ్యతా బీమా కూడా ఉండదు.

నేను గట్టిగా అడగమనేది ఒక్క చోట. నెలనెలా పేట్రియన్ అనే చందాల సైటులో ఇచ్చేది వీడియోలకు ఇచ్చే డబ్బు, దాంతో వాళ్ళు సెలవుకు వెళ్ళినా అందులో తప్పులేదు. "ఈ కిటికీకి ఇంత కావాలి" అని ప్రత్యేకంగా వసూలు చేశారంటే మాత్రం జవాబు చెప్పాల్సిందే. మేస్త్రీ ఇచ్చిన అంచనా ఎంత, ఎంత వచ్చింది, బిల్లు ఏ తేదీది, పని ముందూ తర్వాతా ఫోటోలేవి? ఇవి అడిగితే కోపగించుకునే చానల్‌కు డబ్బు పంపకండి. పాత కట్టడాల కోసం పనిచేసే ఫోందాస్యోఁ ద్యు పాత్రిమ్వాన్ సంస్థ ద్వారా జరిగే విరాళ సేకరణ దీనికంటే భద్రం, ఫ్రాన్స్‌లో పన్ను కట్టే వ్యక్తులకు 66 శాతం పన్ను తగ్గింపు కూడా వస్తుంది. 1932లో కాలిపోయిన మోత్-షాందెనియే శాటోను 2017లో 18 వేలమందికి పైగా 50 యూరోల నుంచి పెట్టి కొన్నప్పుడు ఇచ్చింది విరాళం కాదు, కంపెనీలో వాటా. డబ్బు ఇచ్చే ముందు అది బహుమతా, రుసుమా, విరాళమా, వాటానా అన్నది చూసుకుంటే సగం గొడవలు ఉండవు. ఎవరైనా కంపెనీ ఉచితంగా ఇచ్చిన పొయ్యినో పెయింటునో చూపిస్తూ అది ప్రకటన అని చెప్పకపోతే అదీ అడగదగ్గదే. ఫ్రాన్స్ నుంచి పనిచేసేవాళ్ళకు 2023 జూన్ చట్టం ప్రకారం స్పష్టంగా చెప్పాల్సిన బాధ్యత ఉంది.

"అమ్మాయి కనబడటం లేదు" సంగతి. యూరోపియన్ యూనియన్ పౌరులు కానివాళ్ళు చాలామంది దీర్ఘకాల వీసా లేకుండా 180 రోజుల్లో 90 రోజులే ఉండగలరు. 2021 జనవరి 1 నుంచి బ్రిటిష్‌వాళ్ళకూ ఇదే నియమం. షెంగెన్ వీసా మీద వెళ్ళొచ్చిన మనవాళ్ళకు ఈ లెక్క బాగా తెలుసు. మూడు నెలలు కనిపించి మూడు నెలలు మాయమైతే ముందు క్యాలెండరు చూడండి. పైగా వీడియో తీసిన వారాల తర్వాత గానీ బయటికి రాదు. వెనక చెట్ల ఆకులు చూస్తే ఏ నెలలో తీశారో తెలిసిపోతుంది. తిండీ వసతీ ఇచ్చి జీతం లేకుండా పనిచేయించుకోవడం గురించి మాత్రం అడగొచ్చు. పెళ్ళిళ్ళకు, అద్దెకు ఇచ్చే చోట దాన్ని ఫ్రెంచి అధికారులు నమోదు చేయని ఉద్యోగంగా చూసే అవకాశం ఉంది.

కాపురాలు, జబ్బులు, పిల్లల బడి వెతకడం మాత్రం వద్దు. కీడు తలపెట్టి ఒకరి ఆచూకీ బయటపెట్టడం 2021 ఆగస్టు చట్టం ప్రకారం అక్కడ నేరం, 3 ఏళ్ళ జైలు, 45,000 యూరోల జరిమానా దాకా ఉంది. స్వయంగా చూడాలనుంటే సెప్టెంబరు మూడో వారాంతంలో వారసత్వ దినోత్సవాలు జరుగుతాయి, చాలా ప్రైవేటు శాటోలూ ఆ రెండు రోజులు తలుపులు తెరుస్తాయి. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్ళి, కప్పు గురించి యజమానినే అడగండి. ఆ ప్రశ్నకు వాళ్ళు గంటసేపైనా జవాబు చెబుతారు.