ముసలితనమని వదిలేయకండి

పెంపుడు జంతువుల గురించి పాఠకుల ప్రశ్నలకు వెటర్నరీ డాక్టర్ జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా రాకీ లాబ్రడార్. పదకొండేళ్లు నిండాయి. ఇన్నేళ్లలో చర్మం జబ్బంటే ఎరగడు. అలాంటిది ఆర్నెల్లుగా ఒకటే గోకుడు. రెండు పక్కలా డొక్కల దగ్గర జుట్టు రాలి చర్మం నల్లబడింది. పొట్ట మీద నల్లటి చుక్కలు, చిన్న చిన్న చీము పొక్కులు. దగ్గరికొస్తే పులిసిన వాసన. ఇంజెక్షన్ చేయిస్తే వారం పది రోజులు హాయిగా ఉంటాడు, తర్వాత మళ్లీ మామూలే. అలా చాలాసార్లు చేయించాం. 'వయసైపోయిందమ్మా, ఇక ఇంతే' అన్నారు చూసిన డాక్టరు. ఇంట్లో తలా ఒక చిట్కా చెబుతున్నారు. మా అబ్బాయి రోజూ తన షాంపూతోనే వాడికి స్నానం చేయిస్తున్నాడు. అన్నట్టు, ఈ మధ్య నీళ్లు తెగ తాగుతున్నాడు, రాత్రిళ్లు హాల్లోనే పోసేస్తున్నాడు. ఆకలి మాత్రం బాగా ఉంది, పొట్ట కూడా వచ్చింది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, 'అన్నట్టు' అంటూ మీరు చివర్లో రాసిన ముక్కే ఈ ఉత్తరానికి ప్రాణం. నా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా అంతే. గోకుడు గురించి అరగంట చెబుతారు, నీళ్ల సంగతి గుమ్మం దాటబోతూ చెబుతారు.

కాబట్టి ముందు నీళ్లు కొలవండి. పొద్దున గిన్నెలో కొలిచి పోయండి, మధ్యలో మళ్లీ పోస్తే అదీ రాసుకోండి, మర్నాడు అదే వేళకి మిగిలింది కొలిచి మొత్తంలోంచి తీసేయండి. కుక్క రోజుకి తన బరువులో కిలోకి 100 మిల్లీలీటర్లు దాటి తాగుతోందంటే అది లెక్కలోకి తీసుకోవాల్సిన సంగతి. రాకీ 30 కిలోలుంటే మూడు లీటర్లన్నమాట. ఇలా రెండు మూడు రోజులు రాసిన కాగితం పట్టుకెళితే మీ డాక్టరుకి సగం పని తగ్గుతుంది. రాత్రి హాలు తడుపుతున్నాడని నీళ్లు మాత్రం తగ్గించకండి. అలాంటి కుక్కకి నీళ్లు ఆపితే చాలా ప్రమాదం.

ఇక గోకుడు. దుమ్ము, పుప్పొడి లాంటివి పడక వచ్చే అలర్జీ కుక్కల్లో ఎక్కువగా మూడేళ్ల లోపే బయటపడుతుంది. పదకొండేళ్ల దాకా శుభ్రంగా ఉన్న చర్మం ఉన్నట్టుండి పాడైందంటే నేను ముందు రెండు చోట్ల వెతుకుతాను. ఒకటి, చర్మం పైన పురుగు పుట్ర ఏమైనా చేరిందా అని. రెండోది, ఒంట్లో హార్మోన్లు గతి తప్పాయా అని. డొక్కలకి రెండు వైపులా ఒకేలా జుట్టు రాలడం, పొట్ట వేలాడటం, నల్ల చుక్కలు, విపరీతమైన దాహం, ఆకలి... ఇవన్నీ కలిస్తే గుర్తొచ్చేది కుషింగ్స్ జబ్బు. కిడ్నీల పక్కనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ని అవసరానికి మించి తయారుచేస్తాయి. నూటికి ఎనభై పైచిలుకు కేసుల్లో అసలు తప్పు తలలోని పిట్యూటరీ గ్రంథిలో ఉంటుంది. కార్టిసాల్ ఎక్కువైతే చర్మం పల్చబడుతుంది, ఇన్ఫెక్షన్‌ని అడ్డుకునే శక్తి తగ్గుతుంది. ఆ సందు చూసుకుని బ్యాక్టీరియా, ఫంగస్ చేరతాయి. కుషింగ్స్‌లో మామూలుగా దురద ఉండదు. దురద పెట్టేది ఇలా తర్వాత చేరిన ఇన్ఫెక్షనే. ఆ పులిసిన వాసన కూడా దానిదే.

ఇప్పుడు ఆ ఇంజెక్షన్ల సంగతి. మందు పేరు మీరు రాయలేదు. చేసిన మర్నాటికల్లా గోకుడు ఆగి, పది రోజులకి తిరగబెడుతోందంటే అది స్టెరాయిడ్ కావడానికే ఎక్కువ అవకాశం. స్టెరాయిడ్ కూడా కార్టిసాల్ చేసే పనే చేస్తుంది. మాటిమాటికీ ఇస్తే దాహం, మూత్రం, పొట్ట, జుట్టు రాలడం అన్నీ దానివల్లే రావచ్చు. చూడటానికి అచ్చం కుషింగ్స్ లాగే ఉంటుంది. అందుకే మందుల చీటీలన్నీ తీసి, ఏ మందు ఏ తేదీన ఇచ్చారో వరసగా రాసుకోండి. చీటీ లేకపోతే ఆ డాక్టరుగారినే అడగండి, మొహమాటం అక్కర్లేదు. స్టెరాయిడ్ మాత్రలు కూడా ఇంట్లో వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. బయటి నుంచి మందు అందుతున్నన్నాళ్లూ అడ్రినల్ గ్రంథులు పని మానేసి కూర్చుంటాయి. హఠాత్తుగా మందు ఆగితే కుక్క కుప్పకూలిపోవచ్చు. డాక్టరు చెప్పిన లెక్కలో తగ్గించుకుంటూ రావాలి.

స్టెరాయిడ్‌ని నేను శత్రువులా చూడను. అవసరమైన చోట నేనూ రాస్తాను. నాకు కోపం వచ్చేది పరీక్షకి ముందే చేసేసినప్పుడు. చర్మం మీద ఎరుపు మాయమవుతుంది, థైరాయిడ్ లెక్క పడిపోతుంది, కార్టిసాల్ లెక్క తారుమారవుతుంది. తర్వాత ఏ రిపోర్టు చూసినా పూర్తిగా నమ్మలేం. మళ్లీ ఇంజెక్షన్ అంటే 'ముందు టెస్టులు చేద్దాం సార్' అని అడగండి.

మొదటి టెస్టులు చిన్నవే. చర్మాన్ని బ్లేడుతో కాస్త లోతుగా గీకి మైక్రోస్కోప్ కింద చూస్తారు. వెంట్రుక కుదుళ్లలో బతికే డెమోడెక్స్ అనే పురుగు దొరకొచ్చు. ముసలి కుక్కలో కొత్తగా అది విజృంభించిందంటే లోపల ఇంకేదో జబ్బు దాన్ని పెరగనిస్తోందేమో వెతకాలి. స్లైడుని చర్మానికి అద్ది చూస్తే బ్యాక్టీరియా, ఫంగస్ తెలిసిపోతాయి. రెండూ కూర్చున్న చోటే అయిపోతాయి. తర్వాత రక్తం, మూత్రం. దాహానికి షుగరు, కిడ్నీ కూడా కారణాలే కాబట్టి అవి ముందు చూస్తారు. థైరాయిడ్ విషయంలో ఒక చిక్కుంది. వేరే ఏ జబ్బు ఉన్నా టీ4, అంటే రక్తంలో థైరాయిడ్ హార్మోన్ లెక్క, తక్కువ చూపించొచ్చు. ఆ ఒక్క అంకె చూసి జీవితాంతం థైరాయిడ్ మాత్రలు మొదలుపెట్టేయకూడదు. పైగా థైరాయిడ్ తగ్గిన కుక్క బద్ధకంగా పడుకుంటుంది, పెద్దగా తినకపోయినా లావెక్కుతుంది. నీళ్ల కోసం ఇంతలా పరుగెత్తదు. కుషింగ్స్ తేల్చడానికి వేరే టెస్టులున్నాయి. స్టెరాయిడ్ వాడిన చరిత్ర ఉంటే ఏసీటీహెచ్ స్టిమ్యులేషన్ టెస్టు పనికొస్తుంది, అంటే అడ్రినల్‌ని ఉసిగొల్పే హార్మోన్ ఇచ్చి కార్టిసాల్ కొలవడం. గ్రంథి తనంతట తాను రెచ్చిపోయిందా, మందుల వల్ల నిద్రపోయిందా అన్నది అందులో తేలుతుంది. నిజంగా కుషింగ్సే అయితే ట్రైలోస్టేన్ అనే మందుంది. మధ్యమధ్య రక్తపరీక్ష చేస్తూ మోతాదు సరిచేయాలి. దాహం ముందుగా తగ్గుతుంది. జుట్టు రావడానికి నెలలు పడుతుంది, టెన్షన్ పడకండి.

టెస్టులు తేలేదాకా వాణ్ని గోక్కుంటూ కూర్చోనివ్వాలా అంటారేమో. అక్కర్లేదు, స్నానం ఉంది. మీ అబ్బాయి షాంపూ మాత్రం మీ అబ్బాయికే ఉంచండి. మన చర్మం కాస్త ఆమ్లగుణం ఉన్నది, కుక్క చర్మం అంత కాదు. పైగా దాని పై పొర మనకంటే పల్చన. మన షాంపూతో రోజూ రుద్దితే ఉన్న కాస్త జిడ్డూ పోయి పగుళ్లు తేలుతుంది. క్లోర్‌హెక్సిడిన్, మైకోనజోల్ కలిసిన కుక్కల షాంపూ డాక్టరు చేత రాయించుకుని వారానికి రెండుసార్లు వాడండి. నురగ ఒంటి మీద పది నిమిషాలుండాలి, గడియారం చూసుకుని మరీ. ఈ పది నిమిషాలే ఎవరూ ఆగరు. రెండు నిమిషాలకే కడిగేసి, షాంపూ పనిచేయలేదంటూ నా మీదకొస్తారు. గోరువెచ్చని నీళ్లు వాడండి, కాళ్ల కింద జారని రబ్బరు మ్యాట్ వేయండి. పదకొండేళ్ల కీళ్లు ఒక్కసారి జారితే స్నానమంటేనే భయం పట్టుకుంటుంది. చంకలు, తొడల సందులు, వేళ్ల మధ్య నురగ మిగలకుండా కడిగి, తువ్వాలుతో అద్దండి, రుద్దొద్దు.

చిట్కాల గురించి ఒక్క మాట. కుక్కకి రాసిన ప్రతిదీ చివరికి దాని కడుపులోకే పోతుంది, నాకకుండా ఉండదు కాబట్టి. మన ఆయింట్‌మెంట్లు కొన్ని కడుపులోకి పోతే విషం. జింక్ ఆక్సైడ్ ఉన్నవి, సోరియాసిస్‌కి వాడే కాల్సిపోట్రియాల్ ఉన్నవి మరీ. టీ ట్రీ ఆయిల్ కూడా కుక్కలకి పడదు.

ప్రశ్న: మా కుక్కకి పదమూడేళ్లు. ఛాతీ పక్కన బఠాణీ గింజంత గడ్డ వచ్చింది. ఒక్కోరోజు పెద్దగా, ఒక్కోరోజు చిన్నగా కనిపిస్తుంది. నొప్పి లేదు. సూది పెడితే క్యాన్సర్ పాకుతుందని భయపెడుతున్నారు. వదిలేయమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: వదిలేయొద్దు. ముసలి కుక్కల ఒంటి మీద కొవ్వు గడ్డలు, పులిపిర్ల లాంటివి చాలా వస్తాయి, ఎక్కువ భాగం ఏమీ చేయవు. అయితే చేత్తో తడిమి 'ఇది కొవ్వేలే' అని తేల్చడం ఏ డాక్టరు తరమూ కాదు, నాతో సహా. సన్న సూదితో నాలుగు కణాలు లాగి స్లైడు మీద చూడాల్సిందే. చర్మం మీది గడ్డకి ఈ పరీక్ష వల్ల క్యాన్సర్ పాకుతుందన్న భయం పెట్టుకోకండి. సెంటీమీటరు దాటినా, నెల రోజులైనా పోకపోయినా సూది పరీక్ష చేయించాలన్నది మేం పాటించే లెక్క. మీది పెరుగుతూ తగ్గుతూ ఉందంటున్నారు కాబట్టి నెల కూడా ఆగకండి. మాస్ట్ సెల్ ట్యూమర్ అనే క్యాన్సర్ గడ్డ అలా ఆటలాడుతుంది. దాన్ని నొక్కొద్దు, పిసకొద్దు. పిసికితే లోపలున్న హిస్టమిన్ అనే రసాయనం బయటికొచ్చి వాస్తుంది. చిన్నగా ఉండగా తీసేస్తే చాలావాటికి ఆపరేషనే సరిపోతుంది. చుట్టూ జుట్టు కొంచెం కత్తిరించి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా పన్నెండేళ్ల ఆడకుక్క ముందుకాలి మణికట్టు దగ్గర ఒకే చోట నాకి నాకి పుండు చేసుకుంది. ఎన్ని క్రీములు రాసినా మానదు. మెడకి కోన్ పెడితే మానుతుంది, తీస్తే మళ్లీ మొదలు.
– ఇంకొక పాఠకురాలు

జవాబు: కోన్ నాకకుండా ఆపుతుంది, నాకాలనిపించే కారణాన్ని ఆపదు. ఆ వయసులో ఒకే కీలు మీద అదేపనిగా నాకుతోందంటే కింద కీళ్లవాతం ఉందేమో చూడాలి. పొద్దున లేవగానే బిగుసుకుపోయినట్టు నడుస్తోందా, మెట్లెక్కడానికి తటపటాయిస్తోందా గమనించండి. కీలుకి ఎక్స్‌రే తీయించండి. పుండు లోతుగా ఉంటే లోపల బ్యాక్టీరియా పాతుకుపోతుంది, పై క్రీములు అక్కడిదాకా చేరవు. కల్చర్ (పుండులోని బ్యాక్టీరియా ఏదో, ఏ మందుకి లొంగుతుందో తేల్చే పరీక్ష) చేయించి సరైన యాంటీబయాటిక్ కొన్ని వారాలు వాడాల్సి రావచ్చు. నొప్పికి మందు డాక్టరే రాయాలి. మనం వాడే ఐబూప్రోఫెన్ ఒక్క మాత్ర కూడా వేయకండి, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. గట్టి నేల మీద పడుకునే అలవాటుంటే మోచేతులు కూడా తిప్పి చూడండి. అక్కడ కాయలు కాచి పగిలితే అదో పుండు. మందపాటి ఫోమ్ పరుపు వేసి, దాని తొడుగు తరచూ ఉతుకుతూ ఉండండి.