కారు ‘ఆగింది’ అనాలా, ‘ఆగాను’ అనాలా?

సందేహం: డ్రైవర్ లేని కార్లు రోడ్డు దాటేవాళ్ళకు తెర మీద అక్షరాలు చూపిస్తాయట. మా విద్యార్థులు ప్రాజెక్టు కోసం అలాంటి తెర తెలుగులో తయారుచేస్తున్నారు. ‘దాటండి’, ‘దాటవచ్చు’, ‘కారు ఆగింది’ – వీటిలో ఏది సరైనది? – ఒక అధ్యాపకురాలు, శ్రీకాకుళం

సమాధానం: వ్యాకరణానికి మూడూ సరే. రోడ్డు మీద మాత్రం మూడిటితోనూ చిక్కే.

మీ ఊళ్ళో ఏడు రోడ్ల కూడలి దగ్గర చూడండి. సంచీ పట్టుకున్న పెద్దావిడ అరచెయ్యి అడ్డం పెట్టి అడుగేస్తుంది. ఆటో అబ్బాయి బ్రేకు తొక్కి, వెనక వచ్చేవాళ్ళను ఆపడానికి చెయ్యి బయటికి చాపి, “ఎల్లమ్మా, ఎల్లు” అంటాడు. కారుకు ఆ చెయ్యి లేదు. అది ‘దాటండి’ అందంటే, పక్కనుంచి దూసుకొచ్చే బైకుకు కూడా పూచీ పడ్డట్టే. కారు తన సంగతి చెప్పాలే గానీ ఎదుటివాళ్ళకు ఆజ్ఞలివ్వకూడదని ఈ రంగంలోవాళ్ళు చాలామంది అనేది అందుకే.

‘వచ్చు’ అనుమతికీ పనికొస్తుంది, అనుమానానికీ పనికొస్తుంది. “లోపలికి రావచ్చు” అంటే అనుమతి. “సాయంత్రం వాన రావచ్చు” అంటే రాకపోనూవచ్చు. ‘దాటవచ్చు’ అర్థమవుతుంది, సరే. దానికి జతగా ‘కారు ఆగవచ్చు’ అని రాశారనుకోండి, అడుగేసేదెవరు?

ఇక ‘కారు ఆగింది’. అది చూస్తే నాకు పెట్రోలు అయిపోయిందేమో అనిపిస్తుంది! కావాలని ఆగిందో, చెడిపోయి ఆగిందో ఆ క్రియ చెప్పదు. అదే ‘ఆగాను’ అంటే తనంతట తాను ఆగినట్టు. చేతకాక ఆగితే ‘ఆగిపోయాను’ అంటాం కదా. పైగా ‘నేను’ అక్కర్లేదు, వత్తులు లేవు, చిన్న తెర మీదైనా స్పష్టంగా కనిపిస్తుంది. బండి ఉత్తమ పురుషలో మాట్లాడటం మనకు కొత్తేమీ కాదు. ‘నన్ను చూసి ఏడవకురా’ అని లారీలు ఎప్పట్నుంచో అంటూనే ఉన్నాయి.

కదిలేటప్పుడు ‘కదులుతున్నాను’ వద్దు. చక్రం తిరిగాక చెప్పి ఏం లాభం? ‘కదలబోతున్నాను’ అనాలి. ఇక్కడ ‘బోతు’ లేకపోతే ప్రమాదమే.

మరో మాట. 2015లో నిస్సాన్ చూపించిన నమూనా కారులో బయటివాళ్ళకు ‘ఆఫ్టర్ యూ’ (ముందు మీరే వెళ్ళండి) అని కనిపించే ఏర్పాటుంది. మీ పిల్లలు దాన్ని ‘మీ తర్వాత’ అని మార్చకుండా చూడండి. ఆ మాట మనం వారసుల గురించి అడిగేటప్పుడు వాడతాం.