తండ్రి డెత్ సర్టిఫికెట్ లేకపోతే పిల్లల సాయం ఆగిపోతుందా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక గ్రామం. మా బావ 2018లో కువైట్ వెళ్ళాడు. మొదట్లో డబ్బు పంపేవాడు, తర్వాత ఫోను కూడా మానేశాడు. అక్క ఆ దిగులుతోనే మంచం పట్టి 2023లో చనిపోయింది. మేనకోడలికి పదహారేళ్ళు, మేనల్లుడికి పదకొండు. ఇద్దరూ మా అమ్మ దగ్గరే పెరుగుతున్నారు. అమ్మకి వితంతు పింఛను తప్ప ఆదాయం లేదు. నేను హైదరాబాదులో చిన్న ఉద్యోగిని. అంగన్‌వాడీ టీచర్ చెప్తే, అండ లేని పిల్లలకి ప్రభుత్వం నెలనెలా డబ్బు ఇచ్చే మిషన్ వాత్సల్య సాయానికి రెండేళ్ళ కిందట దరఖాస్తు పెట్టాం. తండ్రి డెత్ సర్టిఫికెట్ లేదని ఆఫీసులో పక్కన పడేశారు. బావ అక్కడ వేరే కాపురం పెట్టాడని, కిందటేడు కువైట్‌లోని సాల్మియాలో తను చూశానని మా ఊరాయన ఒకాయన అంటాడు. అమ్మ ఏడవని రోజు లేదు. ఇప్పుడు బావ తరఫు పెద్దమనిషి ఒకాయన పాతిక వేలు ఇస్తే పంచాయతీ నుంచి డెత్ సర్టిఫికెట్ తెప్పిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? ఈ రెండేళ్ళ డబ్బూ వడ్డీతో ఇప్పించమని హైకోర్టులో కేసు వెయ్యొచ్చా? అమ్మని గార్డియన్‌గా నోటరీ దగ్గర రాయించాం. బావ పేర ముప్పై సెంట్ల కొబ్బరితోట కూడా ఉంది.

జవాబు: మీ ఉత్తరాన్ని పైన చాలా కుదించాను. అందులో ఎక్కువ భాగం మీ బావ ఎలాంటివాడో చెప్పడానికే పోయింది. ఆయన మంచివాడా చెడ్డవాడా అన్నది ఈ కేసులో ఎవరూ అడగరు. బతికున్నాడా లేడా అని కూడా అడగాల్సిన పనిలేదు. ఆఫీసులో అడిగారంటే తప్పు వాళ్ళది. ఆ తప్పు ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ మీరు రెండేళ్ళు పోగొట్టారు.

జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లో సెక్షన్ 2(14) ఉంది. సంరక్షణ, రక్షణ అవసరమైన బిడ్డ ఎవరో అది చెబుతుంది. తల్లిదండ్రులు లేని పిల్లల దగ్గరే అది ఆగిపోలేదు. తల్లిదండ్రులు వదిలేసిన పిల్లలు, తగిన విచారణ చేసినా తల్లిదండ్రుల ఆచూకీ దొరకని పిల్లలు కూడా అందులోకే వస్తారు. ఇలా సంరక్షణ అవసరమైన పిల్లలకి కూడా స్పాన్సర్‌షిప్, అంటే నెలనెలా డబ్బు సాయం, ఇవ్వవచ్చని మిషన్ వాత్సల్య 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ చనిపోయి బంధువుల దగ్గర ఉంటున్న పిల్లలు ఆ జాబితాలో ఒక వరుస మాత్రమే. మీ దరఖాస్తుని ఆ ఒక్క వరుసలో పెట్టి చూశారు, సరిపోలేదు, పక్కన పడేశారు. తల్లి పోయింది, తండ్రి ఆచూకీ లేదు అని రాసి ఉంటే ఆయన డెత్ సర్టిఫికెట్ ఎవరూ అడగక్కర్లేదు. కాబట్టి మీరు రుజువు చేయాల్సింది బావ చావుని కాదు, ఆయన కోసం వెతికారన్న సంగతిని.

మరి వెతికారా? ఉత్తరం రెండుసార్లు చదివాను. పోలీస్ స్టేషన్ మాట ఎక్కడా లేదు, ఎంబసీ మాటా లేదు. గల్ఫ్‌కి పోయిన మనిషి ఇన్నేళ్ళు కనపడకపోతే స్టేషన్‌లో ఒక కాగితం ముక్క ఇవ్వలేదు మీరు. కారణం నాకు తెలుసు, ఊళ్ళో పరువు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు గల్ఫ్ కేసులు చూసినవాళ్ళందరికీ తెలిసిన కారణమే. ఆ పరువు కోసం ఇద్దరు పిల్లలకి నెలకి చెరో నాలుగు వేల చొప్పున ఎంత వదులుకున్నారో మీరే లెక్క కట్టుకోండి.

ముందు మీ అమ్మగారి చేత స్టేషన్‌లో మ్యాన్ మిస్సింగ్ ఫిర్యాదు ఇప్పించండి. ఎఫ్‌ఐఆర్ కట్టినా, జనరల్ డైరీలో రాసినా దాని నకలు చేతికి తీసుకోకుండా బయటికి రావద్దు. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో ఎస్పీ గారికి పంపండి, ఆ రసీదే మీకు సాక్ష్యం. తర్వాత విదేశాల్లో ఉన్న మనవాళ్ళ ఫిర్యాదుల కోసం విదేశాంగ శాఖ పెట్టిన మదద్ వెబ్‌సైట్‌లో కువైట్‌లోని భారత రాయబార కార్యాలయం పేర ఫిర్యాదు పెట్టండి. ప్రవాస తెలుగువారి కోసం రాష్ట్రం పెట్టిన ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీకి కూడా ఒక నకలు పంపండి. వాళ్ళు మనిషిని వెతికి పెట్టినా పెట్టకపోయినా, ఫిర్యాదు నంబరు, దానికి వచ్చిన జవాబు మీకు కావాలి. "ఈ వివరాలతో ఆచూకీ దొరకలేదు" అని ఎంబసీ ఒక్క వాక్యం రాసినా అది ఈ కేసులో బంగారం.

వీటన్నిటికీ పాస్‌పోర్ట్ నంబరు కావాలి. జెరాక్స్ 2022 జూలై వరదలో తడిసి పోయిందని రాశారు. లంకల్లో ఆ ఏడాది చాలామంది ఇళ్ళలో అదే జరిగింది, దానికి మిమ్మల్ని అనను. కానీ వీసా తెప్పించిన ఏజెంటు ఊళ్ళోనే ఉన్నాడు కదా, అతని దగ్గర నకలు ఉండొచ్చు. అక్కయ్య బ్యాంకు ఖాతాకి డబ్బు వచ్చిన స్టేట్‌మెంట్ తీయించండి. పాత లావాదేవీల వివరాలు బ్యాంకులు ఎల్లకాలం దాచవు, ఈ వారంలోనే లెటర్ పెట్టండి.

ఆ స్టేట్‌మెంట్‌తో ఇంకో పని ఉంది. చివరి ఫోను 2020 సంక్రాంతికి వచ్చిందని మీ అమ్మగారు, లేదు 2021లో డబ్బు కూడా పంపాడని మీరు అంటున్నారు. తెలియాల్సిన దగ్గరివాళ్ళకి ఏడేళ్ళ పాటు ఒక మనిషి కబురు తెలియకపోతే, బతికున్నాడని రుజువు చేసే భారం అలా చెప్పేవాళ్ళ మీద పడుతుంది. పాత సాక్ష్య చట్టంలో ఇది సెక్షన్ 108, 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 111. ఆ ఏడేళ్ళు చివరి కబురు నుంచి లెక్క. మీ అమ్మగారి మాట నిజమైతే 2027లో, మీ మాట నిజమైతే 2028లో గడువు నిండుతుంది. నిండినంత మాత్రాన పంచాయతీ వాళ్ళు సర్టిఫికెట్ ఇవ్వరు. సివిల్ కోర్టులో దావా వేసి, ఆయన చనిపోయినట్టు లెక్క అని డిక్లరేషన్ తెచ్చుకోవాలి. ఎల్ఐసీ వర్సెస్ అనురాధ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఇంకో సంగతి కూడా చెప్పింది: మనిషి చనిపోయాడని ఊహించవచ్చు గానీ ఫలానా రోజున చనిపోయాడని ఊహించకూడదు. ఇదంతా ఆస్తి విషయంలో పనికొస్తుంది. పిల్లల సాయానికి దీని కోసం ఆగొద్దు.

ఇక ఆ పాతిక వేల సర్టిఫికెట్. వద్దు. ముట్టుకోకండి. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఊరికే వద్దంటే, చెప్పినవాళ్ళని వదిలి మీలాంటివాళ్ళు నేరుగా ఆ పెద్దమనిషి దగ్గరికే వెళ్తారు. చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలి. మీ పంచాయతీ ఇచ్చే సర్టిఫికెట్‌లో మీ బావ మీ పంచాయతీ పరిధిలో చనిపోయాడని ఉంటుంది. ఇమిగ్రేషన్ రికార్డులో ఆయన దేశం వదిలి వెళ్ళినట్టు ఉంటుంది, తిరిగి వచ్చినట్టు ఉండదు. ఏడాది దాటిన చావుని నమోదు చేయించాలంటే మేజిస్ట్రేటు ఆర్డరు కావాలి, అంటే అక్కడ ఇంకో అబద్ధపు అఫిడవిట్. సంతకం పెద్దమనిషిది కాదు, మీ అమ్మగారిది. పైగా ఆయన్ని కిందటేడు చూసినవాడు ఊళ్ళో ఉన్నాడని మీరే నాకు రాసి పంపారు. పబ్లిక్ రిజిస్టర్ ఫోర్జరీకి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 337 కింద ఏడేళ్ళ వరకు జైలు. ఆ కాగితం చూపించి సాయం తీసుకుంటే దాని మీద మోసం కేసు అదనం. పింఛను మీద బతుకుతున్న ముసలావిడని ముద్దాయిని చేసి పిల్లల్ని ఎవరి దగ్గర వదులుతారు?

ఆ పెద్దమనిషి బావ తరఫువాడని ఉత్తరంలో ఒక మూల రాశారు. ముప్పై సెంట్ల తోట సంగతి చివర్న రాశారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. డెత్ సర్టిఫికెట్ పుట్టిన మర్నాడే వారసుల సర్టిఫికెట్, మ్యుటేషన్ (భూమి రికార్డుల్లో పేరు మార్పు), మైనర్ల తరఫున సంతకాలు మొదలవుతాయి. కోర్టు అనుమతి లేకుండా ఆ తోట మీద మీరు గానీ మీ అమ్మగారు గానీ ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. శిస్తు కట్టి రసీదులు దాచండి. ప్రస్తుతానికి అంతే.

నోటరీ కాగితం గురించి: బీరువాలో పెట్టుకోండి, దానివల్ల ఉపయోగం లేదు. స్టాంపు పేపరు మీద రాసుకుంటే ఎవరూ గార్డియన్ అయిపోరు. గార్డియన్‌ని నియమించేది కోర్టు. ఈ సాయం వరకు మీకు దానికీ పోవక్కర్లేదు, బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు చాలు.

ఆ కమిటీ దగ్గరికే మీరు వెళ్ళాలి. దానికి మేజిస్ట్రేటు అధికారాలున్నాయి. పిల్లల్ని పోలీసులే తీసుకురావాలని లేదు, ఎవరైనా తీసుకెళ్ళవచ్చు. ఎక్కడ, ఏ రోజుల్లో కూర్చుంటుందో చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా, అమలాపురంలో జిల్లా బాలల సంరక్షణ అధికారిని అడిగినా చెబుతారు. దరఖాస్తులో బావ మీద తిట్లు వద్దు. ఊళ్ళో ఆయన చెప్పిన సాల్మియా మాట దాచొద్దు కూడా. "ఇలా విన్నాం, నిర్ధారణ కాలేదు, పిల్లలకి ఏ సాయమూ అందడం లేదు" అని రాయండి. అక్కడ బతికే ఉన్నా పిల్లల్ని వదిలేసినట్టే లెక్క, దొరకకపోతే ఆచూకీ లేనట్టు లెక్క. రెండు దారుల్లోనూ పిల్లలు సెక్షన్ 2(14)లోకే వస్తారు. పిల్లల ఇంటి పరిస్థితి మీద సామాజిక విచారణ పదిహేను రోజుల్లో ముగించాలని, తుది ఉత్తర్వు నాలుగు నెలల్లో రావాలని సెక్షన్ 36 చెబుతోంది. వేసిన తేదీ మీ నకలు మీద ముద్ర కొట్టించుకోండి.

చాలామంది జారిపడేది ఆదాయం దగ్గర. గ్రామాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 రూపాయలు మించకూడదు. రైస్ కార్డు ఉంది కదా అని ధీమాగా వెళ్తారు, కానీ మన రాష్ట్రంలో గ్రామాల్లో రైస్ కార్డు పరిమితి నెలకి 10,000, అంటే ఏడాదికి లక్షా ఇరవై వేలు. కార్డు ఉన్నవాళ్ళందరికీ ఈ సాయం రాదు. మీ అమ్మగారి పింఛను నెలకి 4,000 అయితే ఏడాదికి 48,000, పరిమితిలోపే ఉంది. అయితే పిల్లల్ని మీ కార్డులో ఎక్కించారా? సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఎవరు ఏ ఇంటివాళ్ళో రాసే లెక్కలో, ఇంకా తండ్రి ఇంట్లోనే చూపిస్తున్నారా? మీ జీతం ఆ లెక్కలోకి వస్తే దరఖాస్తు అక్కడే పోతుంది. ముందు మ్యాపింగ్ సరిచేయించి, అమ్మగారి పేర తహసీల్దారు ఆదాయ ధ్రువపత్రం తీసుకోండి.

ఇప్పుడు హైకోర్టు. మీ దగ్గర తిరస్కరణ ఉత్తర్వు లేదు, నోటిమాట ఉంది. నోటిమాట మీద ఏ కోర్టూ నడవదు. పాత దరఖాస్తు ఏమైందో, ఏ తేదీన ఎవరు ఏమని రాశారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్పై రోజుల్లో చెప్పాలి, చెప్పకపోతే ఇంకో ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. కొత్త దరఖాస్తుని కాదంటే రాతపూర్వకంగా ఇమ్మనండి. కమిటీ స్పాన్సర్‌షిప్ ఉత్తర్వుల మీద అప్పీలు సెక్షన్ 101 ప్రకారం జిల్లా మేజిస్ట్రేటుకి, అంటే కలెక్టరు గారికి. గడువు ఉత్తర్వు తేదీ నుంచి ముప్పై రోజులు. ఆలస్యానికి కారణం చూపిస్తే మన్నించే వీలుంది, కానీ "మాకు తెలియదండి" అన్న కారణంతో వెళ్ళొద్దు.

కలెక్టరు దగ్గర కూడా కదలకపోతే అప్పుడు హైకోర్టులో రిట్ పిటిషన్. అది కూడా డబ్బు ఇమ్మని కాదు, దరఖాస్తు మీద ఇన్ని వారాల్లో నిర్ణయం తీసుకోమని. ఈ పథకం ఖర్చులో కేంద్రానిది అరవై శాతం, రాష్ట్రానిది నలభై. కేటాయించిన నిధుల్లోంచి అర్హుల్ని చూసి స్పాన్సర్‌షిప్ ఆమోద కమిటీ మంజూరు చేస్తుంది. అలాంటి సాయాన్ని వెనకటి తేదీ నుంచి వడ్డీతో ఇప్పించమంటే కోర్టు ఒప్పుకోవడం కష్టం. ఆ రెండేళ్ళ డబ్బు మీద ఆశ వదులుకోండి. అమ్మాయికి పదహారు అన్నారు. ఈ సాయం పద్దెనిమిది వరకే. ఆమెకి మిగిలింది రెండేళ్ళు కూడా కాదు.

లాయరు ఫీజు భయం అక్కర్లేదు. ఆడవాళ్ళకి, పిల్లలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేయండి. దరఖాస్తు మీ పేరున కాకుండా అమ్మగారి పేరున వేయండి. పిల్లలిద్దరి పేర బ్యాంకు ఖాతాలు అమ్మగారితో కలిపి తెరిపించి, ఆధార్ లింకు చేయించండి. అక్కయ్య డెత్ సర్టిఫికెట్, పిల్లల పుట్టిన తేదీ పత్రాలు, స్టడీ సర్టిఫికెట్లు, ఆదాయ పత్రం, స్టేషన్ నకలు, మదద్ నంబరు రెండు సెట్లు తీసి పెట్టుకోండి. ఎంబసీ జవాబు వచ్చేదాకా ఆగకండి, ఫిర్యాదు పెట్టిన వారంలోనే కమిటీ ముందుకి వెళ్ళండి. జవాబు వచ్చాక తర్వాతి వాయిదాలో దాఖలు చేసుకోవచ్చు.