కాళ్లలో పస తగ్గిందా, ఆ రోజు బాగోలేదా? ఆర్మ్‌స్ట్రాంగ్ 2010 టూర్ మీద ఒక జవాబు

ప్రశ్న: మూడు వారాల సైకిల్ రేసు టూర్ ద ఫ్రాన్స్‌లో, 2010లో, లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక్క రోజులో చతికిలబడటం మీద అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. పడిపోవడమే కారణమని ఒకరు, వయసని ఇంకొకరు, డోపింగ్ సంగతని మరొకరు. రిటైరై తిరిగొచ్చిన ఛాంపియన్ నిజంగానే తగ్గాడా, దురదృష్టమా అన్నది చూసేవాళ్లు ఎలా తేల్చుకోవాలి?

జవాబు:

పడిన రోజుని కాసేపు పక్కన పెట్టండి. ఆటగాడు తగ్గాడా లేదా అన్నది అతను బాగా ఆడాడని అందరూ మెచ్చుకున్న రోజుల్లోనే దొరుకుతుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ విషయంలో ఆ రోజులు 2009లో ఉన్నాయి, 2010లో కాదు.

2005లో ఏడో టూర్ గెలిచాక రిటైరై, 2008 సెప్టెంబరులో తిరిగొస్తున్నానని ప్రకటించి, 2009 జనవరిలో ఆస్ట్రేలియాలో టూర్ డౌన్ అండర్‌తో మళ్లీ రేసుల్లోకి దిగాడు. మార్చిలో స్పెయిన్‌లో కాలర్‌బోన్ విరిగింది. అయినా జూలైలో ఆస్తానా జట్టు తరఫున టూర్‌లో మూడో స్థానం. దాదాపు 38 ఏళ్ల వయసులో మూడో స్థానం అనగానే అభిమానులు, ఇంకో ఏడాది సాధన చేస్తే గెలిచేస్తాడు అని లెక్కలు వేసేశారు. ఆ లెక్క ఎక్కడ తప్పిందో చూడండి.

ఆ ఏడాది మూడో స్టేజ్ (టూర్‌లో ఒక రోజు పరుగు), లా గ్రాండ్ మోత్‌కి. పక్కగాలి కొట్టింది, పెలోటాన్, అంటే రైడర్ల ప్రధాన గుంపు, రెండుగా చీలింది. ఆర్మ్‌స్ట్రాంగ్ ముందు గుంపులో ఉన్నాడు. అదే జట్టులోని ఆల్బెర్టో కాంటడోర్ వెనక చిక్కి 41 సెకన్లు పోగొట్టుకున్నాడు. బ్రాడ్లీ విగ్గిన్స్ కూడా వెనకే ఉండిపోయాడు. మర్నాడు మోంపెలియేలో టీమ్ టైమ్ ట్రయల్ (జట్టంతా కలిసి గడియారంతో పోటీపడే పరుగు) ఆస్తానా గెలిచింది, విగ్గిన్స్ జట్టు గార్మిన్ మీద 18 సెకన్ల తేడాతో. ఇప్పుడు పారిస్‌లో చివరి పట్టిక తీయండి: మూడో స్థానంలో ఆర్మ్‌స్ట్రాంగ్, నాలుగో స్థానంలో విగ్గిన్స్, మధ్య తేడా 37 సెకన్లు. అంటే గాలిలో చీలిన ఆ ఒక్క క్షణమే ఆ తేడా కన్నా పెద్దది. పోడియం ఎక్కించింది అతని కళ్లు, అనుభవం, జట్టు. కాళ్ల వరకే చూస్తే అతను నాలుగోవాడో, అంతకన్నా కిందో. (మొదటి వారం అలా జరగకపోతే తర్వాత అందరూ వేరేలా ఆడేవాళ్లు కదా అంటే, నిజమే. కూడికలు తీసివేతలతో రేసు మళ్లీ నడపలేం. కానీ ఏ సెకను ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చెప్పగలం.)

కాళ్ల సంగతి తెలిసేది కొండల స్టేజుల్లో. 15వ స్టేజ్, వెర్బియే. ఆఖరి క్లైంబ్ (కొండెక్కే దారి) 8.8 కిలోమీటర్లు, కాంటడోర్ దాన్ని సుమారు 21 నిమిషాల్లో ఎక్కేశాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ 1 నిమిషం 35 సెకన్లు వెనక వచ్చాడు. 21 నిమిషాల్లో 95 సెకన్లంటే 7 శాతం పైమాటే. ఒకే జట్టువాడు కాబట్టి వెంటాడలేదని అభిమానులు అంటారు. ఆ మాటలో కొంత నిజముంది: సొంత జట్టువాడి వెనక ప్రత్యర్థుల్ని లాక్కెళ్లడు ఎవరూ. కానీ వెంటాడకపోవడం వేరు, ఆండీ ష్లెక్, విగ్గిన్స్ లాంటివాళ్లు లేచి వెళ్తుంటే వాళ్ల చక్రం పట్టుకోలేకపోవడం, అంటే వెనకే అంటుకుని వెళ్లలేకపోవడం, వేరు. పట్టుకుని కూర్చోవడానికి ఏ జట్టు మర్యాదా అడ్డు కాదు. మూడు రోజుల తర్వాత గ్రాండ్ బోర్నాన్ స్టేజ్‌లో కాంటడోర్‌కి, ష్లెక్ అన్నదమ్ములకి 2 నిమిషాల 18 సెకన్లు ఇచ్చుకున్నాడు. ఈ రెండు రోజుల్లోనూ పడలేదు, పంక్చర్ లేదు, ఎండదెబ్బ లేదు. ఏ సాకూ లేని రోజులివి. వీటినే చూడాలి.

ఈ తేడాలు వాట్లలో ఎంతో తెలిస్తే వయసు వాదన కొలతకి వస్తుంది. 70 కిలోల రైడర్ కిలోకి 6 వాట్లు తొక్కుతున్నాడనుకోండి, 420 వాట్లు. అందులో 3 శాతం తగ్గితే 12, 13 వాట్లు. టీవీలో చూసేవాడికి కనపడదు, అతనికే సరిగ్గా తెలియదు. కానీ 8 శాతం వాలున్న కొండ మీద శక్తిలో ఎక్కువ భాగం బరువు మోయడానికే పోతుంది, గాలికి కాదు. కాబట్టి శక్తి ఎంత శాతం తగ్గితే వేగం దాదాపు అంతే తగ్గుతుంది: 40 నిమిషాల క్లైంబ్‌లో నిమిషం పైన. సమతల రోడ్డు మీద అదే 3 శాతం తగ్గితే వేగం ఒక శాతం చుట్టూ మాత్రమే పడుతుంది, గుంపులో దాక్కుంటే అదీ కనపడదు. అందుకే వయసు మీదపడ్డ ఛాంపియన్ ప్రోలాగ్‌లో (రేసు మొదటి రోజు ఒంటరిగా తొక్కే చిన్న పరుగు), టైమ్ ట్రయల్‌లో పాతవాడిలాగే కనిపించి, కొండ ఎక్కగానే వేరే మనిషైపోతాడు.

2010 ప్రోలాగ్ దీనికి సరైన ఉదాహరణ. రోటర్‌డామ్‌లో 8.9 కిలోమీటర్లు. ఆర్మ్‌స్ట్రాంగ్ నాలుగోవాడు, కాంటడోర్ కన్నా 5 సెకన్లు ముందు. ఆ రాత్రి అభిమానుల సంబరం చూడాలి! పది నిమిషాల సమతల పరుగు మూడు వారాల పర్వతాల గురించి ఏమీ చెప్పదు. ఐదుసార్లు టూర్ గెలిచిన స్పెయిన్ రైడర్ మిగెల్ ఇందురైన్ కథ కూడా 1996లో ఇంతే. లేజార్క్ క్లైంబ్‌లో ఆకలికి దొరికిపోయి ఆఖరి కొన్ని కిలోమీటర్లలోనే 3 నిమిషాలకు పైగా పోగొట్టుకున్నాడు. తిండి సరిగ్గా పడలేదు, ఒక్క రోజు సంగతి అని అభిమానులు సర్దిచెప్పుకున్నారు. తిండి మాట అబద్ధం కాదు. కానీ తర్వాత సొంత ఊరి మీదుగా పాంప్లోనా వెళ్లే స్టేజ్‌లో 8 నిమిషాలకు పైగా వెనకబడ్డాడు, మొత్తం మీద 11వ స్థానం. కొన్ని వారాలు తిరక్కుండానే అట్లాంటా ఒలింపిక్స్ టైమ్ ట్రయల్‌లో బంగారు పతకం! ఒక్క గంట నిలకడగా తొక్కే శక్తి అలాగే ఉంది. పోయింది వరసగా మూడు కొండలెక్కి మర్నాడు మళ్లీ లేచే శక్తి.

శరీరంలో జరిగేది ఇదీ. సాధన ఆపని ఆటగాడికి కూడా 30లు దాటాక ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం పదేళ్లకి సుమారుగా 5 నుంచి 7 శాతం తగ్గుతూ వస్తుంది, గరిష్ఠ గుండె వేగం ఏడాదికి ఒక బీట్‌కి కాస్త తక్కువగా. నిలకడ వేగం, తక్కువ శక్తితో తొక్కే పొదుపు అంత త్వరగా పోవు. ముందు పోయేవి రెండు: అటాక్‌కి (ఒక్కసారిగా దూసుకెళ్లడానికి) అటాక్‌తో జవాబు చెప్పడం, రాత్రికి రాత్రి కోలుకోవడం. కాబట్టి టీవీలో మొదటి అటాక్‌ని చూసి మోసపోకండి, దానికి చాలామంది అనుభవజ్ఞులు జవాబిస్తారు. రెండోది, మూడోది వచ్చినప్పుడు చూడండి. కుర్రాడు పది సెకన్లు ఊపిరి తీసుకుని మళ్లీ లేస్తాడు. వయసైనవాడు సీటు మీద కూర్చుండిపోయి తన లయలో తొక్కడం మొదలుపెడతాడు. కామెంటేటర్ దాన్ని ‘తెలివిగా ఆడుతున్నాడు’ అంటాడు. లేవలేక కూర్చున్నాడని అర్థం చేసుకోండి.

ఇక మీరడిగిన రోజు, 2010 జూలై 11. స్టేషన్ దే రూస్ నుంచి మోర్జీన్ అవోరియాజ్ దాకా, 189 కిలోమీటర్లు. కోల్ ద ల రమాజ్ క్లైంబ్‌కి ముందు ఒక రౌండబౌట్ దగ్గర వేగంగా వెళ్తూ పడ్డాడు. ఆ రోజు ఒకటి కాదు, మొదట్లో ఒకసారి, చివర్లో వేరేవాళ్లు పడితే దారి ఆగి ఇంకోసారి కూడా ఇబ్బంది పడ్డాడు. ఆఖరికి స్టేజ్ గెలిచిన ఆండీ ష్లెక్‌కి 11 నిమిషాల 45 సెకన్ల వెనక.

పెద్ద క్లైంబ్ ముందు పడితే నష్టం దెబ్బల్లోనే కాదు, గుంపుని అందుకోవడంలో ఉంటుంది. లేచి, సైకిల్ చూసుకుని లేదా మార్చుకుని బయల్దేరేసరికి అర నిమిషం నుంచి నిమిషం పోతుంది. ఆ సమయంలోనే ముందు జట్లన్నీ క్లైంబ్ మొదట్లో చోటు కోసం పూర్తి వేగంతో వెళ్తుంటాయి. జట్టువాళ్లు ఇద్దరు ముగ్గురు వెనక్కొచ్చి లాగినా, అందుకునేసరికి అతను తన పరిమితిని దాటి పది నిమిషాలు తొక్కేసి ఉంటాడు. ఊపిరి తీసుకునే సందు లేకుండా కొండ మొదలవుతుంది. ఆ పైన ఎండ. అంచేత ‘పడటం వల్లే’ అనేవాళ్ల మాట కొట్టిపారేయలేం.

కానీ అదే రోజు, అదే రోడ్డు మీద ఇంకొకడు పడ్డాడు. ఆస్ట్రేలియా రైడర్ కాడెల్ ఎవాన్స్, 33 ఏళ్లు. స్టేజ్ మొదట్లోనే పడి ఎడమ మోచేయి ఎముక చిట్లింది, అయినా నాయకుల గుంపుతో ముగించి, మొత్తం మీద ముందున్నవాడికిచ్చే ఎల్లో జెర్సీ వేసుకున్నాడు. అతను కూలింది విశ్రాంతి రోజు దాటాక తర్వాతి స్టేజ్‌లో, కోల్ ద ల మదలేన్ మీద: 8 నిమిషాలకు పైగా. దెబ్బ తాలూకు నష్టం తరచూ ఇలాగే ఆలస్యంగా బయటపడుతుంది. వాపు, నిద్ర పట్టకపోవడం, ఒకవైపే బరువు వేసి తొక్కడం, ఇవన్నీ మర్నాటి లెక్కలోకి వస్తాయి. పడిన రోజునే 12 నిమిషాలు పోయాయంటే అందులో గాయం వాటా కొంత, అందుకోవడానికి ఖర్చైన శక్తి వాటా కొంత, ఇక చాలనుకున్న మనసు వాటా కొంత. ఎవాన్స్ మరుసటి ఏడాది 34 ఏళ్లకి టూర్ గెలిచాడన్నది కూడా గుర్తుంచుకోండి: పడ్డవాడు తగ్గినవాడని లెక్క కాదు.

అసలు పడటమే వయసు లక్షణమా అని కొందరు అడుగుతారు. ఒక్కసారి పడితే కాదు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ ఏడాది మే నెలలో టూర్ ఆఫ్ కాలిఫోర్నియాలో పడి రేసు వదిలేశాడు, టూర్ రెండో స్టేజ్‌లో స్టోక్యూ దిగుడులో ఎందరో పడ్డప్పుడు తనూ పడ్డాడు, మూడో స్టేజ్‌లో రాళ్ల రోడ్డు మీద పంక్చరై గెలిచినవాడికి 2 నిమిషాల 8 సెకన్లు వెనకబడ్డాడు. గెలిచిన ఏడు టూర్లలో ఇలాంటివి అరుదు, ఎందుకంటే అప్పట్లో జట్టు అతన్ని ప్రమాదం మొదలయ్యే చోటికి ముందే మొదటి 15, 20 మందిలోకి తెచ్చి పెట్టేది. అక్కడ నిలబడాలంటే ప్రతి మలుపు తర్వాతా కొంత శక్తి పెట్టాలి. ఆ శక్తి తగ్గితే 40వ స్థానానికి జారతాడు, అక్కడ ముందువాళ్ల తప్పులన్నీ తన మీదే పడతాయి. కనుక దురదృష్టం వరసగా తగుల్తుంటే, పడటానికి ఐదు కిలోమీటర్ల ముందు గుంపులో ఎక్కడున్నాడో రికార్డింగ్ వెనక్కి తిప్పి చూడండి.

డోపింగ్ మాట. 2012లో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ ఉసాడా నిర్ణయంతో 1998 ఆగస్టు 1 నుంచి అతని ఫలితాలన్నీ పోయాయి, 2009, 2010 కూడా. విగ్గిన్స్ ఇప్పుడు 2009లో అధికారికంగా మూడోవాడు. 2013 జనవరిలో ఏడు గెలుపుల్లోనూ డోపింగ్ ఒప్పుకున్నాడు, తిరిగొచ్చాక మాత్రం చేయలేదన్నాడు. ఆ రెండేళ్ల రక్తపు విలువలు సహజంగా అలా రావడానికి అవకాశం పది లక్షల్లో ఒకటి కన్నా తక్కువని ఉసాడా నివేదికలో నిపుణుడి అభిప్రాయం ఉంది. ఏది నమ్మినా ఒక చిక్కుంది: ‘మానేశాడు కాబట్టే తగ్గాడు’ అనే వాదన అతని మాట నిజమైతేనే నిలబడుతుంది. ఆ మాటని ఎగతాళి చేసేవాళ్లే ఈ వాదనా చేస్తుంటారు, అదొక విచిత్రం.

వయసు ఒక్కటే చాలు అనేవాళ్లకి ఫ్రెంచ్ రైడర్ రేమండ్ పూలిదోర్ ఉన్నాడు: 1976లో 40 ఏళ్లకి మూడో స్థానం. తేడా ఏమిటంటే అతను మధ్యలో ఆపలేదు. మూడున్నరేళ్లు రేసులకి దూరమైనవాడు సాధనతో ఇంజిన్‌ని మళ్లీ తెచ్చుకోగలడు గానీ, ఏడాదికి డజన్లకొద్దీ రేసు రోజులు ఇచ్చే గట్టిదనాన్ని ఇంటి దగ్గర తెచ్చుకోలేడు. పైగా ఆట ఏ రకమో చూడాలి. స్ప్రింటర్ (ఆఖరి పరుగులో గెలిచేవాడు) మార్క్ కావెండిష్ 39 ఏళ్లకి, 2024లో, 35వ టూర్ స్టేజ్ గెలిచాడు. స్ప్రింటర్‌కి కావాల్సింది ఆఖరి 200 మీటర్లు, లాగే జట్టు, సందు కనిపెట్టే కన్ను. అతన్ని చూపించి క్లైంబర్ గురించి ఆశ పెంచుకోకూడదు.

మీరు స్వయంగా తేల్చుకోవాలంటే ఒక పట్టిక రాసుకోండి. కొండ మీద ముగిసిన స్టేజులు మాత్రమే తీసుకుని, పడినవీ పంక్చరైనవీ కొట్టేసి, మిగిలినవాటిలో గెలిచినవాడికి ఎన్ని సెకన్లు వెనకబడ్డాడో ఆఖరి క్లైంబ్ సమయంతో భాగించండి. మూడో వారంలో ఆ శాతం మొదటి వారం కన్నా పెరుగుతుంటే కోలుకోవడం పోయినట్టు. రెండు సీజన్లు వరసగా పెరిగితే ఇక వాదన అక్కర్లేదు. నాలుగైదు స్టేజులైనా లేకుండా ఈ లెక్క వేయకండి, ఒక్క స్టేజ్‌తో ఏదైనా నిరూపించొచ్చు.

అవోరియాజ్ తర్వాత అభిమానుల స్వరం మారింది, గెలవమని కాదు, ఒక్క స్టేజ్ అయినా పట్టుకుని వెళ్లమని. జూలై 20న పో పట్టణానికి వెళ్లే స్టేజ్‌లో పేర్‌సూర్ద్, ఆస్పాన్, తూర్మలే, ఒబీస్క్ కొండలు దాటిన బ్రేక్‌అవేలో (ముందుకు విడిపోయిన చిన్న గుంపులో) అతను కనిపించగానే పాత ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చేశాడన్నారు. పియెరిక్ ఫెద్రిగో గెలిచాడు, అతను ఆరోవాడు. నాయకుల గుంపు 6 నిమిషాల 45 సెకన్ల తర్వాత తీరిగ్గా వచ్చింది. పైన చెప్పిన పట్టికంతా వేసే ఓపిక లేకపోతే ఈ ఒక్క అంకె చూడండి. పాత రోజుల్లో అయితే ఆ కొండల మీద ప్రత్యర్థులు అతనికి పది మీటర్లు కూడా వదిలేవాళ్లు కాదు.