విడిభాగాలు ఎక్కడ కొనాలి? ధర కన్నా ముందు వాపసు గడువు చూడండి

సందేహం: సొంతంగా కంప్యూటర్ అసెంబుల్ చేసుకోవాలని అనుకుంటున్నాను. ప్రాసెసర్ ఒక సైట్‌లో, మదర్‌బోర్డు మరో సైట్‌లో, ర్యామ్ ఇంకో చోట చౌకగా కనిపిస్తున్నాయి. తగ్గింపు వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటిగా కొని దాచుకుంటూ, అన్నీ చేతికి వచ్చాక బిగించుకోవచ్చా? నమ్మదగిన సైట్‌ను గుర్తించడం ఎలా?

సమాధానం: డబ్బు ఆదా చేయాలన్న మీ ఆలోచన సబబైనదే. అయితే నెలల తరబడి ఒక్కొక్కటిగా కొని దాచుకోవద్దని గట్టిగా చెబుతాను. ఫోన్ కొంటే, పెట్టె తెరిచిన అయిదు నిమిషాల్లో అది బాగుందో లేదో తేలిపోతుంది. మదర్‌బోర్డు అలా కాదు. ప్రాసెసర్, ర్యామ్, పవర్ సప్లై మూడూ జతపడితే తప్ప దాని మంచిచెడ్డలు తెలియవు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్ తీసుకుంటే గ్రాఫిక్స్ కార్డు కూడా ఉండాలి, ఎందుకంటే వాటిలో అంతర్గత గ్రాఫిక్స్ ఉండదు, మానిటర్ మీద ఏమీ కనిపించదు. వాపసు గడువును చాలా దుకాణాలు వస్తువు మీకు అందిన రోజు నుంచే లెక్కిస్తాయి. ఇవాళ మదర్‌బోర్డు కొని రెండు నెలల తర్వాత ప్రాసెసర్ తెప్పించుకుంటే, లోపం బయటపడే నాటికి మదర్‌బోర్డు గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఆపైన మిగిలేది తయారీ సంస్థ వారంటీ ఒక్కటే. అందులో మీ బోర్డును మరమ్మతు చేసి పంపవచ్చు, లేదా ఇంతకుముందు మరమ్మతు అయిన మరో బోర్డును ఇవ్వవచ్చు. అది వచ్చేదాకా మిగతా భాగాలన్నీ పెట్టెల్లోనే ఉండిపోతాయి.

అందుకే ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, పవర్ సప్లై ఈ నాలుగింటినీ, అవసరమైతే గ్రాఫిక్స్ కార్డును కూడా, వీలైనంతవరకు ఒకే దుకాణంలో, ఒకే వారంలో కొనండి. దుకాణం ఒక్కటే అయితే లోపం ఏ భాగంలో ఉందో తేల్చడంలో వాళ్లు మీకు సాయపడే అవకాశం ఉంటుంది. నాలుగు చోట్ల కొంటే ‘మా వస్తువు బాగానే ఉంది, అవతలి దాన్ని చూపించుకోండి’ అని ఎవరికి వారు తప్పుకుంటారు. కేబినెట్, ఫ్యాన్లు, కీబోర్డు వంటివి మాత్రం చౌకగా దొరికిన చోట ముందే కొని పెట్టుకున్నా ఫరవాలేదు.

సైట్ పేరు కన్నా విక్రేత పేరు ముఖ్యం. పెద్ద సైట్లలో చాలా వరకు ఇతర వ్యాపారులకు చోటు ఇచ్చే సంతల వంటివి. ఒకే ప్రాసెసర్ పేజీలో సైట్ స్వయంగా అమ్మేదీ, ఊరూపేరూ తెలియని వ్యాపారి అమ్మేదీ పక్కపక్కనే ఉంటాయి, కొన్నిసార్లు ధరను బట్టి విక్రేత తనంతట తానే మారిపోతాడు. కనుక డబ్బు కట్టే ముందు ‘అమ్మేది ఎవరు’ అన్న వరుసను మరొక్కసారి చదవండి. ఆ తర్వాత తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో ‘ఎక్కడ కొనాలి’ అన్న పేజీ తెరిచి, ఆ విక్రేత అధీకృతుడో కాదో సరిచూసుకోండి. వేరే ప్రాంతం కోసం తయారైన సరుకును తెచ్చి అమ్మేవారి దగ్గర కొంటే, వస్తువు అసలైనదే అయినా మీరున్న చోట వారంటీ చెల్లకపోవచ్చు.

ప్రాసెసర్ విషయంలో ‘ట్రే’ అన్న మాట కనిపిస్తే ఆగి ఆలోచించండి. ఇది కంప్యూటర్ తయారీదారులకు రంగుల పెట్టె లేకుండా, ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ లేకుండా వెళ్లే సరుకు. పెట్టెలో వచ్చే ఇంటెల్ ప్రాసెసర్‌కు సాధారణంగా ఇంటెల్ సంస్థే 3 ఏళ్ల వారంటీ ఇస్తుంది. ట్రే ప్రాసెసర్‌కు మాత్రం అమ్మిన వాళ్లనే అడగాలి. ఆ దుకాణం రేపు మూతపడితే అడగడానికి ఎవరూ ఉండరు. ధరలో తేడా బాగా ఎక్కువగా ఉంటే తప్ప నేనైతే ట్రే జోలికి వెళ్లను.

దుకాణాన్ని ముందుగా ఒక ప్రశ్న అడిగి పరీక్షించవచ్చు. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) బోర్డుల్లో, ఏఎండీ సంస్థ 2024లో విడుదల చేసిన రైజెన్ 9000 శ్రేణి ప్రాసెసర్ పనిచేయాలంటే, కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే బోర్డులోని ప్రోగ్రామ్ అయిన బయాస్ కొత్త వెర్షన్‌లో ఉండాలి. పాత నిల్వలోని బోర్డు వస్తే పవర్ బటన్ నొక్కినా తెర నల్లగానే ఉంటుంది. ‘మీ దగ్గరున్న బోర్డులో ఏ బయాస్ ఉంది, లేకపోతే మీరే అప్‌డేట్ చేసి పంపుతారా’ అని రాసి చూడండి. సూటిగా జవాబిచ్చిన దుకాణం రేపు లోపం వచ్చినా మాట్లాడుతుందని నా నమ్మకం. పీసీపార్ట్‌పికర్ వంటి సైట్ ధరలతో పాటు ఏ భాగం దేనికి నప్పుతుందో కూడా చూపిస్తుంది, ఆ జాబితాను ముందే తయారు చేసుకుంటే డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్ పట్టే బోర్డుకు పాత తరం డీడీఆర్4 ర్యామ్ కొనే పొరపాటు జరగదు.

వాపసు నిబంధనల పేజీని పూర్తిగా చదవమని ఇంతగా చెప్పడానికి నా అనుభవం ఒకటి కారణం. కొన్నేళ్ల కిందట ఒక దుకాణం నుంచి మదర్‌బోర్డు తెప్పించుకున్నాను. సాకెట్ మీది నల్లని ప్లాస్టిక్ మూత తీసి, ఫొటో ఏదీ తీయకుండానే ప్రాసెసర్ పెట్టి బిగించేశాను. ర్యామ్ స్లాట్లలో రెండు పనిచేయలేదు. ప్రాసెసర్ తీసి టార్చి వెలుగులో ఏటవాలుగా చూస్తే, వెయ్యికి పైగా ఉన్న సన్నని పిన్నుల వరుసల్లో ఒక్కటి మాత్రం పక్కకు ఒరిగి వేరుగా మెరుస్తోంది. అది అలాగే వచ్చిందో, నా చేతిలోనే వంగిందో ఇప్పటికీ చెప్పలేను. దుకాణం మాత్రం ‘వంగిన పిన్నులకు వాపసు లేదు’ అన్న నిబంధన చూపించింది, అది పేజీలో మొదటి నుంచీ ఉన్నదే. ఆనాటి నుంచి పెట్టె ముద్ర తెంచడం మొదలుకొని సాకెట్ లోపలి వరకు ఆగకుండా వీడియో తీస్తున్నాను, ఆ ప్లాస్టిక్ మూతను కూడా దాచి ఉంచుతున్నాను. అది లేకుండా పంపిన బోర్డును వారంటీ కింద తీసుకోని తయారీదారులున్నారు. వాపసు పంపే ఖర్చు ఎవరిదో, పెట్టె తెరిచి ఉంటే తిరిగిచ్చే డబ్బులో కోత విధిస్తారో లేదో కూడా అదే పేజీలో చూసుకోండి.

సందేహం: కొత్తదని చెప్పి వాడిన ఎస్‌ఎస్‌డీని, హార్డ్ డిస్క్‌ను అంటగడతారని విన్నాను. నకిలీ గ్రాఫిక్స్ కార్డులూ ఉన్నాయట. తెలుసుకునేదెలా?

సమాధానం: నిజమే. 2025 ఆరంభంలో, వేల గంటలు తిరిగిన సీగేట్ హార్డ్ డిస్కులను కొత్తవిగా అమ్మిన ఉదంతం జర్మనీలో మొదట బయటపడింది. మామూలుగా అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అన్న ఉచిత ప్రోగ్రామ్‌లో ‘పవర్ ఆన్ అవర్స్’ అంకె చూస్తే చాలు, కొత్త డిస్క్‌లో అది సున్నా దగ్గరే ఉంటుంది. ఆ డిస్కుల్లో మాత్రం ఆ లెక్కను చెరిపేశారు. సీగేట్ డిస్క్‌లోనే విడిగా నమోదు చేసే ‘ఫార్మ్’ అనే లాగ్‌లో (వాడకపు చిట్టాలో) అసలు గంటలు మిగిలిపోవడంతో మోసం తెలిసింది. స్మార్ట్‌మాన్‌టూల్స్ అన్న ప్రోగ్రామ్ కొత్త వెర్షన్‌తో ఆ లాగ్‌ను మీరూ చదవవచ్చు. రెండు అంకెలూ పొంతన లేకుండా ఉంటే డిస్క్‌లో ఒక్క ఫైలు కూడా పెట్టకుండా వెనక్కి పంపేయండి.

గ్రాఫిక్స్ కార్డుల్లో, పాత చిప్‌కు మార్చిన బయాస్ ఎక్కించి కొత్త మోడల్ పేరు చూపించే మోసం ఎక్కువ. జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ ఇలాంటి నకిలీ ఎన్‌విడియా కార్డులను పసిగట్టి హెచ్చరించే సదుపాయాన్ని 2018 నుంచి ఇస్తోంది. ఈ పరీక్షలన్నీ భాగాలు బిగించిన మొదటి సాయంత్రమే చేయండి. వస్తువు మీద, పెట్టె మీద, రసీదులో సీరియల్ నంబరు ఒకటేనో కాదో చూసి, దాన్ని తయారీ సంస్థ సైట్‌లోని వారంటీ పేజీలో కొట్టి చూడండి. వారంటీ ఎప్పుడో మొదలైపోయినట్లు కనిపిస్తే, వాపసు గడువు లోపలే దుకాణానికి ఆ తెర ఫొటోతో సహా రాయండి.