పాత పటాల్లో కొండలు చీమల పుట్టల్లా ఎందుకు కనిపిస్తాయి?

ఆ పుట్టలు కొలిచి గీసిన కొండలు కావు, ‘ఇక్కడంతా కొండ ప్రాంతం’ అని చెప్పే గుర్తులు మాత్రమే. 16వ శతాబ్దపు యూరప్‌లో పటాలు గీసేవారికి ఊళ్ల మధ్య దిక్కులు, దూరాలు లెక్కకట్టడం వచ్చు. ఒక ప్రాంతంలోని ఎత్తుపల్లాలన్నిటినీ కొలిచి కాగితం మీద పెట్టే పద్ధతి మాత్రం లేదు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ గీసే సమోన్నత రేఖలు వాడుకలో స్థిరపడింది 19వ శతాబ్దంలోనే. అందుకే నదిని పైనుంచి చూసినట్టు, కొండను, చెట్టును, ఊరిని పక్కనుంచి చూసినట్టు ఒకే పటంలో గీసేవారు. చూడటానికి వింతే గానీ, చదవడానికి చాలా తేలిక.

క్రిస్టఫర్ సాక్స్‌టన్ 1579లో సంపుటిగా తెచ్చిన ఇంగ్లండ్, వేల్స్ కౌంటీల (మన జిల్లాల్లాంటివి) పటాలనే చూడండి. ఒక పక్క నీడ వేసిన గుట్టలు కొండలు. చిన్న చర్చి లాంటి బొమ్మ ఉంటే ఊరు, భవనాల గుంపు ఉంటే పట్టణం. గుండ్రంగా దడి కట్టినట్టున్నది సంపన్నులు జింకలను పెంచుకున్న వనం.

చాలామంది పొరబడేది ఇక్కడే: మూడు పుట్టలుంటే మూడు కొండలనీ, పెద్ద పుట్ట అంటే కచ్చితంగా అంత ఎత్తనీ లెక్కవేస్తారు. అలాగే, పటంలో లేనిది నేల మీద కూడా లేదనుకుంటారు. సాక్స్‌టన్ పటాల్లో రహదారులు కనబడవు. అప్పటి ఇంగ్లండ్‌లో దారులు లేకపోలేదు, ఆయన వాటిని గీయలేదంతే. 1593లో జాన్ నార్డెన్ తన మిడిల్‌సెక్స్ కౌంటీ పటంలో వాటిని చూపించాడు.